క్రొత్త బాణీకి పాత పేరు

క్రొత్త వస్తువేది కంటబడినను మనుష్యుడు మొదట దాని పేరడుగును. పేరు తెలిసినచో సగము భయము తీరును. ఊరికి క్రొత్తగా వచ్చినవానిని "మీరెవరివారు?" అని ప్రశ్నించుట మన పల్లెలలో నేటికిని కలదు. వాని గుణము తెలియుటకు ముందే వాని యింటిపేరు తెలియవలెనని మన యాతురత. ఈ యలవాటులోని కీడును సంస్కారప్రియులు చిరకాలముగ చెప్పుచునే యున్నారు. అయినను కళల విషయమున వారే తిరిగి ఆ ప్రశ్ననే వేయుదురు. ఈ కావ్యము ఏ శాఖకు చెందినది? ఈ పాట ఏ బాణీ? సమాధానము దొరకగానే తృప్తిపడి వినుట మానివేయుదురు. లండను నగరమునందలి కొందరు యువకుల వాద్యబృందమును గూర్చి కొన్నియేండ్లుగ జరిగిన వాదము ఈ సంగతిని చక్కగ వెల్లడించునని తోచి, దానిని మా పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఆ బృందము పేరు బ్లాక్ మిడి. 2017లో ఏర్పడినది. జోర్డీ గ్రీప్ పాడుచు గిటారు వాయించెడివాడు. మాట్ క్వాస్నియెవ్‌స్కీ-కెల్విన్ రెండవ గిటారు. కామెరన్ పిక్టన్ బేస్ గిటారు. మోర్గన్ సింప్సన్ డ్రమ్ములు. నలుగురును అప్పటికి ఇంచుమించు ఇరువదియేండ్లవారు. వారి మొదటి ఆల్బము వెలువడక మునుపే, 2018 నవంబరులో, ఐస్‌లాండు రాజధాని రెయిక్యవిక్‌లో అమెరికాదేశపు కె.ఇ.ఎక్స్.పి. రేడియోవారి కొరకు వారు చేసిన కచ్చేరి దృశ్యరూపమున ఇంటర్నెట్టులో వ్యాపించెను. దేశదేశముల శ్రోతలు పెక్కుమంది వారిని మొదట కనుగొనినది అచ్చటనే. అట్లు కనుగొనినవారికి తొలుత కలుగునది ఆనందము కంటె దిగ్భ్రమ యనుటయే నిజము. గిటారులు ఒక చిన్న పదమును పట్టుకొని రంపముతో కోసినట్లు మరల మరల పలుకును. డ్రమ్ములు వాని వెంట నడువక, ముందునకు దుమికి, ఎదురు తిరిగి, చటుక్కున నిలిచిపోవును. ఆ నిశ్శబ్దములో ముక్కుతో పలుకు వింతకంఠ మొకటి పురాణము చెప్పువానివలె మాటాడసాగును. అది పాటయో మాటయో తేలక మునుపే మరల తుపాను చెలరేగును.

వెంటనే వాదము బయలుదేరెను. ఒకరు దీనిని మ్యాథ్ రాక్ అనిరి. అనగా తాళపు లెక్కలను చిక్కుపరచి వాయించు పద్ధతి. మరియొకరు నాయిస్ రాక్ అనిరి. అనగా రొదనే నాదముగ స్వీకరించునది. 1970ల చివర వచ్చిన పోస్ట్-పంక్ సంతతియే ఇది యని ఇంకొకరు నిర్ణయించిరి. జాజ్ సంగీతము రాక్‌తో పొందిన సంకరమని కొందరు. వీరందరికంటె పట్టుదలతో వాదించినవి రెండు పక్షములు. ఇది ప్రోగ్రెసివ్ రాక్ అను పక్షమొకటి. ఎంతమాత్రమును కాదను పక్షము వేరొకటి. ఇందులో వినోదమేమనగా ఈ యువకులు తమ బృందమునకు పెట్టుకొనిన పేరే ఒక బాణీ పేరు. బ్లాక్ మిడి యనునది జపానులో పుట్టిన ఒక కంప్యూటరు సంగీతవిధము. అందు ఒక్క పాటలో వేలు, లక్షలు స్వరములను గ్రుక్కుదురు. ఆ పాటను పాశ్చాత్యుల స్వరలిపిలో వ్రాసినచో కాగితమంతయు నల్లబడిపోవును గనుక దానికి ఆ పేరు. ఈ నలుగురు వాయించునది ఆ బాణీ కానే కాదు. తాము వాయింపని బాణీ పేరును ధరించి సభలో ప్రవేశించిన వారిని పట్టుకొని మీ బాణీ యేదియని నిలదీయుటలోని హాస్యమును చదువరులే గ్రహింతురు.

ప్రోగ్రెసివ్ అను మాటకు ముందునకు నడచునదని యర్థము. ఆ మాట రాక్ సంగీతమునకు ఎట్లు తగులుకొనెనో కొంత చెప్పవలెను. 1960ల చివర ఇంగ్లండులో, మూడు నిముషముల ప్రేమపాటలతో తృప్తిపడని యువకులు కొందరు జాజ్ నుండి మనోధర్మమును, ఐరోపా శాస్త్రీయసంగీతము నుండి దీర్ఘరచనను తీసికొని రాక్‌తో కలుపజూచిరి. 1969 అక్టోబరులో కింగ్ క్రిమ్సన్ బృందము వారి మొదటి ఆల్బము "ఇన్ ది కోర్ట్ ఆఫ్ ది క్రిమ్సన్ కింగ్" వెలువడెను. అప్పటికి గిటారు వాయించిన రాబర్ట్ ఫ్రిప్‌నకు 23 ఏండ్లు. గాయకుడు గ్రెగ్ లేక్‌నకు 21. రికార్డు చేసిన తీగవాద్యముల ధ్వనులను మీటలనొక్కి పలికించు మెలోట్రాన్ అను యంత్రముతో వారు నలుగురైదుగురే యుండియు ఒక పెద్ద వాద్యసభ వినిపించిరి. 1972లో యెస్ బృందమువారు "క్లోజ్ టు ది ఎడ్జ్" అను పాటతో రికార్డులో ఒక ప్రక్కను పూర్తిగ నింపిరి. దాని నిడివి సుమారు 18 నిముషములు. ఆ దినములలో ఈ బాణీకి ప్రోగ్రెసివ్ అను పేరు సార్థకము. రేపేమి వినబడునో ఎవరికిని తెలియకుండెడిది.

తరువాత జరిగినది సంస్కారచరిత్ర చదివినవారికి క్రొత్త కాదు. ముందడుగుగ మొదలైనది ఆచారమయ్యెను. పాట పొడవుగ నుండవలెను, తాళము కుంటవలెను, అంగుళులు మెరుపువలె కదలవలెను, కథ పురాణకాలమునాటిదై యుండవలెను. 1975లో రిక్ వేక్‌మన్ అను వాద్యకుడు ఆర్థరు రాజు కథను లండనులోని వెంబ్లీలో మంచుగడ్డపై జారునటులతో ప్రదర్శించెను. అందలి నైపుణ్యమును మేము కాదనము. కాని ఆ మంచుపై సంగీతము ముందునకు నడచెనా, గుండ్రముగ తిరిగెనా యను సందేహము నాటి యువకులకు కలిగెను. మరుసటి యేట, 1976 నవంబరులో, సెక్స్ పిస్టల్స్ అను పంక్ బృందము మొదటి పాట వెలువడెను. మూడు నాలుగు స్వరమేళములు, మూడున్నర నిముషములు, గొంతెత్తిన కోపము. అంతటితో ప్రోగ్రెసివ్ అనుమాట చాలమంది నోట పరిహాసపదమైపోయెను. ముందునకు నడచుట యని యర్థమిచ్చు మాట వెనుకబడిన దానికి పేరగుట కంటె విపరీతమేమి కలదు?

ఈ విపరీతము మనకును అనుభవమే. ఆంగ్లమున ప్రోగ్రెసివ్ అను దానినే మన సాహిత్యకారులు అభ్యుదయమనిరి. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘము వెలసినప్పుడు ఆ పేరు ఒక కార్యమునకు పేరు. ఒక తరము గడచునప్పటికి అది కొన్ని ఉపమానములకు, కొన్ని నినాదములకు, ఒక విధమగు ముగింపునకు పేరైనదని పిన్నవారు ఆక్షేపించిరి. 1965లో దిగంబరకవులు బయలుదేరిరి. 1970లో విప్లవ రచయితల సంఘము పుట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు అభ్యుదయకవులలో అగ్రగణ్యుడైన శ్రీశ్రీయే. ఆయన పాతపేరును కాపాడుకొనుటకు బదులు క్రొత్త నడకను ఎంచుకొనెను. ఆ నడక గమ్యమును గూర్చి భిన్నాభిప్రాయములుండవచ్చును. ఆ మాటకు రెండర్థములు కలవని మాత్రము అది చూపెను. చేయుచున్న పనికి అభ్యుదయమని పేరు పెట్టవచ్చును. ఎన్నడో చేసి ముగించిన పని ఆకారమునకును ఆ పేరే పెట్టవచ్చును. రెండవ యర్థమున మాట బ్రదికియుండగనే మొదటి యర్థమున అది చనిపోవచ్చును.

బ్లాక్ మిడిని గూర్చి వాదించిన రెండు పక్షములును ఈ భేదమును విడిచిరని మా యభిప్రాయము. ఔననువారు లక్షణములను లెక్కించిరి: తాళములు మారుచున్నవి, నైపుణ్యము మిక్కుటము, పాటలు కొన్ని దీర్ఘములు. కాదనువారును లక్షణములనే లెక్కించిరి: మెలోట్రాన్ వైభవము లేదు, పంక్ కోపము కలదు, కంఠము శ్రావ్యము కాదు. ఇరువురును ఆకారమునే చూచిరి.

లక్షణములు ఎంత దుర్బలమైన ప్రమాణములో మన చెవితో పరీక్షింపవచ్చును. 1973లో పింక్ ఫ్లాయిడ్ బృందము వాయించిన "మనీ" అను పాట నడక ఏడక్షరములది. నాలుగింటికి అలవాటుపడిన పాశ్చాత్యశ్రోతకు ఏడు విచిత్రము. దానిని ప్రోగ్రెసివ్ రాక్‌నకు గుర్తుగ నేటికిని చూపుదురు. మన యింట సంగీతము నేర్చుకొను పిల్లవానికి ఏడక్షరములు మిశ్రచాపు. తకిట తకధిమి యని తొడపై కొట్టుచు వాడు దానిని అలవోకగ లెక్కించును. 1959లో డేవ్ బ్రూబెక్ జాజ్ బృందము "టేక్ ఫైవ్" అను అయిదక్షరముల పాటతో లోకప్రసిద్ధి పొందినది. అయిదు మనకు ఖండము. ఇట్లు ఒకరికి సాహసమైనది ఇంకొకరికి నిత్యపాఠము. కాబట్టి లెక్క వింతగ నున్నంత మాత్రమున సంగీతము ముందునకు నడచినదని చెప్పవీలులేదు. ఆ లెక్క చేత పాటలో ఏమి సాధింపబడినదని యడుగవలెను. నిడివికిని, అంగుళివేగమునకును ఇదే న్యాయము. ఈ ప్రశ్నతో వారి మూడు ఆల్బములను వరుసగ విందము.

మొదటిది "ష్లాగెన్‌హైమ్", 2019 జూనులో వెలువడినది. జర్మను భాష వలె ధ్వనించు ఈ మాట వారు కల్పించినదే. ఇందలి రచనలు ఎక్కువగ నలుగురు కూడి గంటలకొలది స్వేచ్ఛగ వాయించుచుండగా పుట్టినవి. అందువలన ఇందులో నాలుగు మనసుల పెనగులాట వినబడును. "బి.ఎమ్.బి.ఎమ్.బి.ఎమ్." అను పాటలో దాదాపు ఒకే స్వరము రోకటిపోటువలె మ్రోగుచుండును, దానిపై గిటారులు అప్పుడప్పుడు పిచ్చియెత్తినట్లు పేలి మరల ఆ పోటునకే దిగివచ్చును. ఇంత తక్కువ సామగ్రితో ఇంత ఉద్రేకము కల్పించుట పాత ప్రోగ్రెసివ్ వారి వైభవమునకు పూర్తిగ విరుద్ధము. "నియర్ డి.టి., ఎమ్.ఐ." అను చిన్నపాటను పిక్టన్ పాడెను. అమెరికాలోని ఫ్లింట్ నగరమున 2014లో నీటివసతి మార్చిన పిదప ప్రజల త్రాగునీటిలో సీసము కలిసిన ఘోరమే దానికి వస్తువు. రెండున్నర నిముషములైన లేని ఆ పాటలో ఉపన్యాసము లేదు; గొంతు చించుకొను కేక కలదు. మునిసిపల్ కుళాయినీటిని నమ్మి పిల్లలకు త్రాగించు తల్లిదండ్రులకు ఆ కేక అర్థమగుటకు ఏ బాణీతోను పరిచయ మక్కరలేదు. ఆ సంవత్సరము బ్రిటను, ఐర్లాండు దేశముల ఉత్తమ ఆల్బమునకిచ్చు మెర్క్యురీ బహుమానమునకు ఎంపికైన 12 ఆల్బములలో ఇదియొకటి. బహుమానము వేరొకరికి దక్కెను.

ఇచ్చట వారు ఆగియుండినచో, తమకు కీర్తి తెచ్చిన రొదనే ఏటేట వడ్డించియుండినచో, నాయిస్ రాక్ అను చీటి వారికి అతికియుండెడిది. వారట్లు చేయలేదు. 2021లో క్వాస్నియెవ్‌స్కీ-కెల్విన్ విరామము తీసికొనెను. సాక్సఫోను వాద్యకుడు కైదీ అకిన్నిబీ, మీటలవాద్యముపై సెత్ ఎవాన్స్ తోడైరి. ఆ సంవత్సరము మే నెలలో "కావల్‌కేడ్" వెలువడెను. ఊరేగింపు అని దాని యర్థము. మన యూళ్లలో పగటివేషగాండ్రు నేడొక వేషము రేపొక వేషము వేసికొని వీధివెంట వచ్చినట్లు, ఇందులో పాటకొక పాత్ర వచ్చిపోవును. మొదటి పాట "జాన్ ఎల్." అనుచరులను వంచించి, తుదకు వారి చేతనే నాశనమొందు కూటమినాయకుని కథ. వాద్యములు ఒక్క ఊపున పరుగెత్తి, నడుమ ఊపిరి తీసికొనునంత సేపు నిలిచి, మరల పరుగెత్తును. గురువుల మోసమును, గుంపుల మూఢత్వమును చూచిన మనకు ఆ నిశ్శబ్దములు మిక్కిలి భయంకరములు. గుంపు మనసు మార్చుకొనుచున్నది ఆ క్షణములలోనే.

దాని వెనువెంటనే "మార్లీన్ డీట్రిచ్" అను పాట. సినిమాతార డీట్రిచ్ పేర మెల్లగ, లాలిపాటకు దగ్గరగ నడచు రచన. తొలి ఆల్బము విని చెవులు మూసికొనినవారు సయితము దీనిని విని ఇది వారిదేనా యని యాశ్చర్యపడుదురు. ఆల్బము ముగించునది "అసెండింగ్ ఫోర్త్". దాదాపు పది నిముషముల పాట. ఆ పేరులో శ్లేష కలదు. పాశ్చాత్యశాస్త్రమున ఆరోహణలోని నాలుగవ స్వరాంతరమునకు అదే ధ్వని. మన భాషలో షడ్జమము నుండి మధ్యమమునకు ఎక్కుట. జనులకెల్ల ప్రియమైన ఆ సులభపు ఎక్కుడుతోనే ఎల్లప్పుడు మెప్పింపవలెనా యను సంగీతకారుని సంకటమే ఆ పాట వస్తువు. దీర్ఘమైనను ఇందులో నిడివి అలంకారము కాలేదు. మెప్పునకును మనస్సాక్షికిని నడుమ ఊగులాడువాని నిదానము వినబడుటకు అంత కాలము కావలసియేయున్నది. మా దృష్టిలో వారి మూడింటిలో ఉత్తమమైనది ఈ రెండవ ఆల్బమే. నిన్న తాము చేసినదానిని నేడు తామే ప్రశ్నించుట ముందడుగైనచో, ప్రోగ్రెసివ్ అనుమాట మొదటి యర్థమున వారికి చెల్లినది ఇచ్చట.

మూడవది "హెల్‌ఫైర్", 2022 జులై. ఇది నరకాగ్ని. ముష్టియుద్ధములు, సెలవుపై ఒడ్డునకు దిగిన సైనికుని దురవస్థ, దుర్మార్గుల స్వగతములు దీని విషయములు. "ది డిఫెన్స్" అను పాటలో వేశ్యాగృహము నడుపువాడొకడు తన్ను తాను సమర్థించుకొనును. ఆ సమర్థనకు గ్రీప్ కూర్చిన వరుస మిక్కిలి మధురము. ఇట్టి పాటలు మన యిండ్లలో వినదగునా యని కొందరు శంకింపవచ్చును. గురజాడవారి "కన్యాశుల్కము" 1892లో తొలుత ప్రదర్శింపబడినది మొదలు నేటివరకు గిరీశము మన రంగస్థలమున తియ్యగ మాటాడుచునే యున్నాడు. వానిని మెచ్చుకొనుచు నవ్వినవారు వాని బోధనము నమ్మి చెడిపోలేదు. తియ్యని మాటలాడు సంస్కర్తలను అనుమానించుట నేర్చుకొనిరి. మధురమైన వరుసలో అధర్మమును నిలిపి శ్రోత చేతనే దానిని త్రోయించుట ప్రహసనమునకు పాతవిద్య. కావున మమ్ములనే ఈ ఆల్బము బాణీ యడిగినచో, తాళములను పట్టి గాక మాటల పనిని పట్టి, ఇది ప్రహసనమునకు దాయాది యనుదుము. ఆ వాదమంతటిలో ఈ వైపు చూచినవారు మిక్కిలి తక్కువ.

అయినను ఈ ఆల్బమున ఒక లోపము మాకు స్పష్టముగ తోచుచున్నది. గిరీశము ప్రక్కన మధురవాణి కలదు, బుచ్చమ్మ కలదు. మోసగాని తెలివికి ఎదురుగ ఒక నిజమైన హృదయము నిలుచును. "హెల్‌ఫైర్"లో అట్టి హృదయము అరుదు. ఒక దుర్మార్గుని వెంట మరియొక దుర్మార్గుడు, ఒక వేగము వెంట మరియొక వేగము. "ది రేస్ ఈజ్ అబౌట్ టు బిగిన్" అను పాటలో మాటలు గుఱ్ఱపుపందెమువలె పరుగెత్తునప్పుడు నోటి నైపుణ్యమునకు ఆశ్చర్యపడుదుము గాని పాత్రకొరకు మనసు కరగదు. ఆల్బము నిడివి నలుబది నిముషములకు లోపే. అయినను ముగియునప్పటికి చెవి అలసిపోవును. మంచుపై జారిన ఆర్థరు రాజునకు ఇక్కడ దూరపు చుట్టరికము కనబడుచున్నది. నైపుణ్యము తన్ను తాను చూచుకొన మొదలిడిన చోట ప్రోగ్రెసివ్ అనుమాట రెండవ యర్థమునకు జారుటకు సిద్ధముగ నుండును. ఆ జారుడు ఈ ఆల్బమున మొదలైనదనియే మేము తలచుచున్నాము.

ఇక్కడ ఒక యాక్షేపము రాగలదు. పేర్లన్నియు వ్యర్థములు, సంగీతము సంగీతమే, బాణీల గొడవ ఏలయని. ఈ మాట ఉదారముగ వినబడును గాని మేము సమ్మతింపము. వంటింటి జాడీలపై పేర్లు లేనిచో గృహిణికి ఎంత శ్రమ! బాణీపేరు వెదకుటకు ఉపకరించును. అంతకంటె ముఖ్యముగ ఋణమును తెలుపును. 2022లో ఈ బృందము ఇతరుల పాటలు మూడింటిని వాయించి "కావల్‌కవర్స్" అను చిన్న రికార్డుగ వెలువరించినది. ఒకటి కింగ్ క్రిమ్సన్ వారి 1969 నాటి ఆల్బములోని "మూన్‌చైల్డ్". ఒకటి కెప్టెన్ బీఫ్‌హార్ట్ పాట. మూడవది టేలర్ స్విఫ్ట్ ప్రేమపాట. పాత ప్రోగ్రెసివ్ వారికి ఋణపడియున్నామని ఇంతకంటె చక్కగ చెప్పుట ఎట్లు? ఆ ఋణమొక్కటే తమ యాస్తి కాదనియు ఆ మూడుపాటలే చెప్పుచున్నవి. పేరు వంశమును తెలుపవచ్చును, తీర్పు మాత్రము చెప్పలేదు. జాడీపై ఆవకాయయని వ్రాసియున్నంత మాత్రమున రుచి తెలియదు. అన్నములో కలిపికొని తినవలెను.

ఇట్టి బృందమెట్లు పుట్టెనో చూచుట సంస్కారప్రియులకు ఇంకను ముఖ్యము. ఈ నలుగురును క్రాయిడన్‌లోని బ్రిట్ స్కూలు విద్యార్థులు. 1991లో స్థాపింపబడిన ఆ కళాపాఠశాల ప్రభుత్వధనముతో నడచునది. విద్యార్థులు జీతము చెల్లింప నక్కరలేదు. పాఠశాల విడిచిన పిదప వారికి ఆశ్రయమిచ్చినది బ్రిక్స్‌టన్ ప్రాంతపు విండ్‌మిల్ అను చిన్నసభాస్థలము. అది మద్యశాల యనుట మా పాఠకులలో మద్యపాననిషేధవాదులకు రుచింపదని యెరుగుదుము, మాకును రుచింపదు. అయినను పేరులేని యువకులు తెలిసీతెలియని పాటను పదిమంది యెదుట వాయించి, తప్పి, మరునాడు దిద్దుకొని వచ్చుటకు ఒక గది అచ్చట దొరకెను. స్క్విడ్, బ్లాక్ కంట్రీ న్యూ రోడ్ అను ఇతర బృందములును అచ్చటనే ఎదిగినవి. మన నగరములలో పిల్లలు సంగీతము నేర్చుకొనునది పరీక్షకు, పోటీకి, టెలివిజనులో న్యాయనిర్ణేతల మెప్పునకు. వీనియందు చేరువారి కష్టమును తక్కువ చేయము. కాని పోటీలో పాత పాటను ఉన్నదున్నట్లు పాడినవానికే మార్కు. ఇంకను పేరు కుదురని దానిని తెచ్చినవానికి మన యూరిలో గది యేది? సారాయి వాసన లేని అట్టి గది నొకదానిని పఠనమందిరముగాని, మహిళాసమాజముగాని, పాఠశాలగాని నెలకొక సాయంకాలము తెరచియుంచుటకు పెద్ద ధనమక్కరలేదు.

2024 ఆగస్టులో ఈ బృందము పని నిలిచిపోయినదని గ్రీప్ తెలిపెను. అక్టోబరులో "ది న్యూ సౌండ్" అను తన సొంత ఆల్బమును వెలువరించెను. అందు కొంత బ్రెజిలుదేశపు సావోపావులో అక్కడి వాద్యకులతో కూడి చేసినది. మూడు ఆల్బములతోనే ఆగిపోవుట నష్టమని చింతించువారు కలరు. కింగ్ క్రిమ్సన్ చరిత్రను స్మరింపవలెను. 1974లో మంచి పేరున్నప్పుడే ఫ్రిప్ ఆ బృందమును రద్దుచేసెను. 1981లో అదే పేరుతో మరల వచ్చినప్పుడు వాయించినది పూర్తిగ వేరు సంగీతము. పాత కీర్తిని కాపాడుకొనుటకు వాయించుట కంటె వాయింపకుండుట మేలని తలచిన వేళలు కళాకారుల జీవితమున నుండును. బ్లాక్ మిడివారు ఏ కారణమున ఆగిరో విచారించుట మా పనికాదు. రచ్చ యింకను తీరక మునుపే, చీటి అతికించుటకు చేయిచాచినవారి యెదుటనే, వస్తువు లేచిపోయినది.

మా పాఠకుల యిండ్లలోని యువకులు చెవులకు యంత్రములు తగిలించుకొని వినుచున్నది ఇట్టి సంగీతమే కావచ్చును. అది యేమి గోల యని కోపించుట సులభము. అది ఏ బాణీయని అడిగి ఊరకుండుటయు దాదాపు అంత సులభము. ఒక సాయంకాలము వారితో కూర్చుండి వినుట మేలు. మొదట "మార్లీన్ డీట్రిచ్" వినవలెను, పిమ్మట "జాన్ ఎల్.", చెవి కొంత అలవాటుపడిన పిదప "అసెండింగ్ ఫోర్త్" పూర్తిగ వినవలెను. తాళము వేయగలవారు వేసి చూడవచ్చును. తప్పిపోయినచో పిల్లలతో కలిసి నవ్వుకొనవచ్చును. తరువాత వారిని బాణీపేరు అడుగక, ఆ కూటమినాయకుని గుంపు ఏ క్షణమున తిరుగబడెనో మీకెట్లు తెలిసినదని అడుగవలెను. వారు చెప్పు సమాధానము నుండి ఆ సంగీతమును గూర్చియే గాక ఆ పిల్లలను గూర్చియు తల్లిదండ్రులకు కొంత తెలియును.